గార్డ్‌నర్‌నీ అమ్మేశారు, విలియమ్స్‌నీ అమ్మేశారు. ఈ పిక్‌లు తీసుకెళ్లి మళ్ళీ ఎవరి చేతిలో పోస్తారు?

మెట్‌లైఫ్_మూలసీటు
మంగళవారం, నవంబర్ 4, 2025, రాత్రి 9:12

మధ్యాహ్నం ఆఫీసు కాల్‌లో ఉండగా ఫోన్ వరసపెట్టి మోగింది. ఇండియా నుంచి ఏం కబురోనని గుండె జారిపోయింది. చూస్తే మన అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ న్యూయార్క్ జెట్స్ సాస్ గార్డ్‌నర్‌ని ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కి ఇచ్చేసింది. మనకి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఏడీ మిచెల్ అనే, పాస్‌లు పట్టే రిసీవర్. ఆ మధ్య రామ్స్ మీద టచ్‌డౌన్ గీత దాటకముందే బంతి చేజార్చుకున్నాడే, ఆ అబ్బాయే. తేరుకునేలోపు క్విన్నెన్ విలియమ్స్ డాలస్‌కి.

గార్డ్‌నర్‌కి మొన్న జులైలోనే కదా నాలుగేళ్లకి 12 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాసింది! సంతకం తడి ఆరకముందే అమ్మేశారు.

మా వాడికి తొమ్మిదేళ్లు. సెప్టెంబర్‌లో వాడి పుట్టినరోజుకి గార్డ్‌నర్ ఒకటో నంబర్ జెర్సీ కొన్నాను. వాడు ఫీల్డ్స్‌ది, అంటే బంతి విసిరి ఆట నడిపించే మన క్వార్టర్‌బ్యాక్‌ది అడిగితే నేనే వద్దన్నాను. "క్వార్టర్‌బ్యాక్‌ల జెర్సీలు కొనకు నాన్నా, వాళ్ళు ఉండరు. ఇతనైతే ఉంటాడు" అని చెప్పాను. ఇప్పుడు వాడి ముఖం చూడలేక కారులో కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను.

మా ఇంట్లో బట్టల బీరువా అడుగు అర చూస్తే ఈ టీమ్ చరిత్ర అంతా అక్కడే మడతపెట్టి ఉంటుంది. అన్నీ వెళ్ళిపోయిన క్వార్టర్‌బ్యాక్‌లవే: శాంచెజ్ 6, జీనో స్మిత్ 7, డార్నల్డ్ 14, జాక్ విల్సన్ 2, రాడ్జర్స్ 8. ఈ ఏడాది జస్టిన్ ఫీల్డ్స్ కూడా 7 వేసుకుంటున్నాడని తెలిసి, మా ఆవిడ కొత్తది కొననివ్వలేదు. జీనో పేరు మీద తెల్ల టేపు అంటించి, స్కెచ్ పెన్నుతో ఫీల్డ్స్ అని రాసిచ్చింది. రెండో ఉతుకుకే టేపు ఒక చివర లేచింది. ఇప్పుడు కొంచెం ఫీల్డ్స్, కొంచెం స్మిత్.

నేను ఎడిసన్ వచ్చింది 2009లో. వచ్చిన మొదటి రెండు సీజన్లూ జెట్స్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా, అంటే కప్పు మ్యాచ్‌కి ఒక్క మెట్టు కింద దాకా వెళ్ళింది. ఓహో, మనం మంచి టీమే పట్టుకున్నాం అనుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్ లేవు. అప్పటికి పుట్టని మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్.

కోచ్ గ్లెన్, మేనేజర్ మూగీ ఈ జనవరిలోనే వచ్చారు. వాళ్ళని తిట్టడం తొందరపాటేనేమో. కానీ తిట్టకపోతే నిద్ర పట్టేలా లేదు.

---

బఫెలో_వదిన
రాత్రి 9:31

అన్నయ్యగారూ, ముందు కారు దిగి లోపలికి వెళ్ళండి, చలిగా ఉంది.

మీ డివిజన్‌లోనే, అంటే మీ నాలుగు టీమ్‌ల గుంపులోనే ఉన్న బఫెలో బిల్స్ అభిమానిగా ఒక్క మాట. గార్డ్‌నర్ వెళ్ళిపోయినందుకు మాకు సంతోషమే. ఏడాదికి రెండుసార్లు అతని మొహం చూడక్కర్లేదు.

---

క్రికెట్_కిట్టయ్య
రాత్రి 9:40

విజయవాడ నుంచి. నాకు ఈ ఆట ఓనమాలు రావు. న్యూజెర్సీలో మా బావమరిది ఆదివారం సాయంత్రమైతే ఫోన్ ఎత్తడు, అందుకే ఇది చదువుతున్నాను. పిక్ అంటే ఏంటి సార్? మనిషినిచ్చి పిక్ తీసుకోవడమేంటి? ఐపీఎల్ వేలం లాంటిదా?

---

లెక్కల_మాస్టారు
రాత్రి 10:05

కిట్టయ్యగారూ, వేలం కాదు, వరస. కాలేజీలో ఆడే కుర్రాళ్ళని ఏప్రిల్‌లో 32 టీమ్‌లు వంతులవారీగా ఎంచుకుంటాయి. మొత్తం ఏడు రౌండ్లు. సీజన్లో అందరికంటే చెత్తగా ఆడినవాళ్ళది మొదటి వంతు, కప్పు కొట్టినవాళ్ళది చివరి వంతు. ఈ ఎంపికని డ్రాఫ్ట్ అని, ఆ వంతుని పిక్ అని అంటారు. పొలం కౌలుకిచ్చినట్టు వచ్చే ఏడాది పిక్‌ని, ఆపై ఏడాది పిక్‌ని కూడా ఇప్పుడే ఇచ్చిపుచ్చుకోవచ్చు. డబ్బున్నవాడు ఎగరేసుకుపోవడానికి ఉండదు. మొదటి రౌండ్ కుర్రాడి జీతం అతని వంతు నంబర్‌ని బట్టి ముందే తేలిపోతుంది. నాలుగేళ్లు, టీమ్‌కి ఇష్టమైతే ఐదో ఏడు. అందుకే మంచి క్వార్టర్‌బ్యాక్ డ్రాఫ్ట్‌లో దొరికితే పండగ. అతను చవగ్గా ఉన్న ఆ నాలుగేళ్లలో మిగిలిన డబ్బుతో చుట్టూ టీమ్ కట్టుకోవచ్చు.

ఇక ఈ రోజు ట్రేడ్‌లు. నన్ను తిట్టుకున్నా సరే, నాకు నచ్చాయి. జెట్స్ ఇప్పుడు 1-7, అంటే ఒక గెలుపు, ఏడు ఓటములు. గార్డ్‌నర్‌లా ఎదుటివాళ్ళ పాస్‌లని అడ్డుకునే కార్నర్‌బ్యాక్ ఎంత గొప్పవాడైనా 1-7 టీమ్‌ని 9-8 చెయ్యలేడు. ఇప్పుడు చేతిలో 2026కి రెండు ఫస్ట్ రౌండ్‌లు, 2027కి మూడు. ఏ కుర్రాడు కావాలంటే ఆ కుర్రాడి కోసం వరసలో ముందుకి వెళ్ళగలరు.

---

మెట్‌లైఫ్_మూలసీటు
రాత్రి 10:22

మాస్టారూ, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2027 నాటికి ఈ కోచ్ ఉంటాడా? ఈ మేనేజర్ ఉంటాడా? కోచ్ సాలే, మేనేజర్ డగ్లస్ ఇద్దరినీ ఒకే సీజన్లో ఆరు వారాల తేడాతో పంపించారు, నిరుడే.

పైగా ఇచ్చింది ఎవరికి? కోల్ట్స్‌కి. 2018లో డార్నల్డ్ కోసం ఆరు నుంచి మూడో వంతుకి ఎగబాకినప్పుడు మన ఆరో పిక్, ఇంకో మూడు సెకండ్ రౌండ్‌లు తీసుకున్నదీ వాళ్ళే. ఆ ఆరో పిక్‌తో క్వెంటన్ నెల్సన్‌ని, 37తో బ్రేడెన్ స్మిత్‌ని తెచ్చుకున్నారు. ఇద్దరూ ఏడేళ్లుగా అక్కడే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌లో గోడలా నిలబడి ఉన్నారు. మనం గోడ ఇచ్చేసి క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకుని, గోడ లేకుండా అతన్ని నడివీధిలో నిలబెట్టాం.

---

పాలమూరు_పోరడు
రాత్రి 10:48

డాలస్ నుంచి. అన్నా, క్విన్నెన్‌ని మాకిచ్చినందుకు మస్తు థ్యాంక్స్. మా డిఫెన్స్ జూస్తే ఏడ్పొస్తుండె ఈ సీజన్ల. నిన్న రాత్రి అరిజోనా చేతిల గూడ ఓడినం.

మీరు ఓనర్‌ని తిడ్తరు గద, మా జెర్రీ సాబ్ 1989 సంది ఓనరూ ఆయనే, జనరల్ మేనేజరూ ఆయనే. తిట్టాలంటే ఒక్క పేరు సాల్తది మాకు. 1995 సీజన్ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్ మొఖం సూడలే. గా మైకా పార్సన్స్ అసొంటోన్ని ఆగస్టుల ఇచ్చేసి, ఇప్పుడు డిఫెన్స్‌ల మనుషులు లేరని మీకాడికొచ్చిన్రు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి.

---

జెర్సీసిటీ_జూనియర్
రాత్రి 11:15

అంకుల్, నాది కొంచెం వేరే బాధ. నేను ఇక్కడే పుట్టాను, వేరే టీమ్ ఎంచుకునే ఛాన్స్ కూడా రాలేదు. నాన్న జెట్స్, నేను జెట్స్, అంతే.

మాస్టారుగారు డ్రాఫ్ట్ వంతుల గురించి చెప్తున్నారు. మన ప్రాబ్లమ్ వంతు కాదు కదా. 2018లో మూడో వంతు, 2021లో రెండో వంతు. ఇంతకంటే ముందు ఎవరికి దొరుకుతుంది?

జాక్ విల్సన్‌ని తెచ్చిన సమ్మర్ గుర్తుందా? అతనికి దగ్గరుండి నేర్పించాల్సిన గ్రెగ్ న్యాప్ అనే సీనియర్ కోచ్ క్యాంప్ మొదలవ్వకముందే సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్ది చనిపోయారు. అది ఎవరి తప్పూ కాదు. కానీ ఆయన పోయాక ఏం చెయ్యాలి? పక్కన ఒక అనుభవం ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ని పెట్టాలి. పెట్టలేదు. సీజన్ మొదలైనప్పుడు విల్సన్ పక్కనున్న మైక్ వైట్ కూడా అప్పటికి ఒక్క రెగ్యులర్ సీజన్ పాస్ వెయ్యలేదు. హెడ్ కోచ్ డిఫెన్స్ మనిషి, అఫెన్స్ కోచ్‌కి అదే మొదటిసారి. సీనియర్ క్వార్టర్‌బ్యాక్ ఫ్లాకోని తెచ్చింది అక్టోబర్ చివర్లో, విల్సన్ మోకాలు దెబ్బతిన్నాక.

డ్రైవింగ్ నేర్చుకునేవాడి పక్కన ఎవ్వరూ లేకుండా టర్న్‌పైక్ హైవే ఎక్కించారు.

---

లెక్కల_మాస్టారు
రాత్రి 11:34

బాబూ, అదంతా ఒప్పుకుంటాను. కానీ విల్సన్ ఇక్కణ్ణుంచి వెళ్ళాక డెన్వర్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు, ఇప్పుడు మయామీలో బెంచ్ మీద ఉన్నాడు. పెంపకం బాగోలేదని ప్రతిదానికీ అనలేం. కొన్ని విత్తనాలే పుచ్చువి.

2022 నవంబర్‌లో పేట్రియట్స్ మీద 10-3తో ఓడిన మ్యాచ్ తీసుకోండి. రెండో సగం మొత్తం కలిపి జెట్స్ అఫెన్స్ కదిలింది 2 గజాలు. రెండే రెండు. మ్యాచ్ అయ్యాక, ప్రత్యర్థికి ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వని మీ డిఫెన్స్‌కి మీరు అన్యాయం చేశారని అనిపిస్తోందా అని అడిగితే, లేదు అన్నాడు. ఆ ఒక్క మాటతో లాకర్ రూమ్ పోయింది. (టచ్‌డౌన్ ఇచ్చింది డిఫెన్స్ కాదు, చివరి క్షణాల్లో పంట్ కొట్టిన, అంటే బంతిని ఎదుటివాళ్ళ వైపు దూరంగా తన్నిన టీమ్. అది వేరే ఏడుపు.)

జీనో గురించి కూడా వెక్కివెక్కి ఏడవకండి. సియాటిల్‌లో 2022లో బాగా ఆడాడు, నిజమే. ఈ ఏడు లాస్ వేగాస్‌లో అతని ఇంటర్‌సెప్షన్లు, అంటే ఎదుటివాళ్ళ చేతికి పోయిన పాస్‌లు చూశారా?

---

మెట్‌లైఫ్_మూలసీటు
బుధవారం, ఉదయం 6:50

నిద్ర పట్టలేదు, ఊహించినట్టే.

విల్సన్ సంగతి వదిలేద్దాం మాస్టారూ. డార్నల్డ్ సంగతి చెప్పండి. ఇప్పుడు సియాటిల్‌కి ఆడుతూ మొన్న ఆదివారం వాషింగ్టన్ మీద 38-14. సియాటిల్ ఇప్పుడు 6-2. నిరుడు మిన్నెసోటాతో 14-3. ఈ మనిషేనా మన దగ్గర ఆడింది?

మొదటి మ్యాచ్ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. 2018, డెట్రాయిట్‌లో సోమవారం రాత్రి. కుర్రాడికి 21 ఏళ్లు. వేసిన మొట్టమొదటి పాసే ఎదుటివాడు పట్టుకుని టచ్‌డౌన్ దాకా పరిగెత్తాడు. నేను టీవీ కట్టేయబోయాను. మా ఆవిడ రిమోట్ లాక్కుంది. ఆ మ్యాచ్ 48-17తో గెలిచాం! మొదటి పాస్‌కే అంత పరువు పోయినా చెయ్యి వణకనివాడు పనికొస్తాడని ఆ రాత్రే అనుకున్నాను.

ఏడాది తిరక్కుండా కోచ్‌ని మార్చారు. వచ్చినాయన పద్ధతి వేరు, ఎత్తుల పుస్తకం వేరు. 2019 అక్టోబర్‌లో పేట్రియట్స్ చేతిలో 33-0 తిన్నాం. బెంచ్ మీద కూర్చున్న కుర్రాడు దయ్యాలు కనిపిస్తున్నాయని అన్న మాట మైకులో పడింది, దాన్ని దేశమంతా చూపించారు. సొంత మనిషి పరువు కాపాడాల్సింది పోయి, మనవాళ్ళే నవ్వారు. మీమ్స్ పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను, అబద్ధం చెప్పను.

తర్వాత 2020. మొదటి 13 మ్యాచ్‌లూ ఓడి, కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌లలో మేటి ట్రెవర్ లారెన్స్ మనవాడే అని అందరూ ఖాయం చేసుకున్నాక, తగుదునమ్మా అని రామ్స్ మీద గెలిచాం. ఆ వెంటనే బ్రౌన్స్ మీద కూడా. మొదటి వంతు జాక్సన్‌విల్‌కి పోయింది. రెండో వంతు మనది. డార్నల్డ్‌ని కరోలినాకి పంపేసి విల్సన్‌ని తెచ్చుకున్నాం. ఆ రెండో వంతులో విల్సన్ బదులు ఎవరున్నారో తెలుసుగా? జమార్ చేజ్, పెనే సూవెల్. ఆ వరసలో ఐదు, ఏడు.

---

బఫెలో_వదిన
ఉదయం 7:35

పిల్లల్ని బస్సెక్కించి వచ్చాను. ఇప్పుడు సీరియస్‌గా రాస్తాను, వెక్కిరింపు కాదు.

2018లో మీరు మూడో వంతులో డార్నల్డ్, మేము ఏడో వంతులో జాష్ అలెన్. మొదటి ఏడాది అలెన్ పాస్‌లలో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే చేరాల్సినవాళ్ళకి చేరాయి. 52.8 శాతం. మా ఆయన అప్పట్లో టీవీని చూసి "వీడు బంతి వేస్తే కెనడాలో పడుతుంది" అనేవారు. 2020కల్లా అది 69 శాతం. మధ్యలో ఏం జరిగింది? కోచ్‌ని మార్చలేదు. అఫెన్స్ నడిపే డేబోల్ నాలుగేళ్లు అక్కడే ఉన్నాడు. లైన్‌కి మనుషుల్ని కొన్నారు. మూడో ఏడాదికి రిసీవర్ స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చారు. అలెన్ కష్టం అలెన్‌దే, కానీ ఇల్లు కదలకుండా ఉంది. 17 సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడని ఊరు మాది, మాకు మాత్రం తొందర లేదా?

డార్నల్డ్ బఫెలోకి, అలెన్ మీ దగ్గరికి వచ్చి ఉంటే? నాకు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంటుంది.

---

క్రికెట్_కిట్టయ్య
సాయంత్రం 6:10 (మా టైమ్)

ఇప్పుడు కొంచెం అర్థమైంది. మన సన్‌రైజర్స్ వార్నర్‌ని చేసినట్టన్నమాట. 2016లో కప్పు తెచ్చినవాడిని 2021లో కెప్టెన్సీ తీసేసి, టీమ్‌లోంచి కూడా తీసేసి స్టాండ్స్‌లో కూర్చోబెట్టారు. ఆ నవంబర్‌లోనే టీ20 ప్రపంచ కప్పులో మ్యాన్ ఆఫ్ ది టోర్నమెంట్. ఉప్పల్‌లో మా తమ్ముడు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

మీ టీమ్‌కి ఒక్క కప్పూ లేదా సార్?

---

లెక్కల_మాస్టారు
ఉదయం 9:20

ఒకే ఒక్కటి కిట్టయ్యగారూ. 1969 జనవరి 12న. జో నేమత్ అనే క్వార్టర్‌బ్యాక్ మేమే గెలుస్తాం, రాసుకోండి అని ముందే చెప్పి మరీ గెలిచాడు, 16-7. ఎవరి మీదో తెలుసా? కోల్ట్స్ మీదే. అప్పట్లో వాళ్ళు బాల్టిమోర్‌లో ఉండేవారు. ఆ బాకీ వాళ్ళు వాయిదాల మీద వసూలు చేసుకుంటున్నట్టున్నారు.

నేమత్ తర్వాత మళ్ళీ అలాంటివాడు దొరకలేదు. 1983లో 24వ వంతులో కెన్ ఓబ్రైన్‌ని తీసుకున్నారు. పాపం చెడ్డ ఆటగాడేం కాదు. కానీ మూడు వంతుల తర్వాత అదే డివిజన్‌లోని మయామీ తీసుకున్నది డాన్ మరీనోని. 2016లో సెకండ్ రౌండ్‌లో హాకెన్‌బర్గ్‌ని తీసుకున్నారు, అతను ఒక్క రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లో కూడా అడుగుపెట్టలేదు. ఈ చివరిది మాత్రం నేను కూడా సమర్థించలేను.

---

జెర్సీసిటీ_జూనియర్
మధ్యాహ్నం 12:40

రాడ్జర్స్‌ని మర్చిపోయారు అందరూ. లేక కావాలనే మర్చిపోయారా? 2023 సెప్టెంబర్ 11 రాత్రి నేను స్టేడియంలో ఉన్నాను, నాన్నతో. జెండా పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆ అరుపులకి చెవులు దిమ్మెక్కాయి. నాలుగో స్నాప్‌కి, అంటే బంతి నాలుగోసారి చేతికి అందగానే కూర్చుండిపోయాడు. మడమ వెనక నరం తెగింది. మా ముందు వరసలో ఒక పెద్దాయన బ్రెడ్ మధ్య సాసేజ్ పెట్టుకుని నోటి దాకా తెచ్చి, అలాగే పట్టుకుని ఉండిపోయారు. పది నిమిషాలు. తినలేదు, కింద పెట్టలేదు.

విచిత్రమేంటంటే ఆ మ్యాచ్ గెలిచాం, ఓవర్‌టైమ్‌లో పంట్ రిటర్న్‌తో, అంటే వాళ్ళు తన్నిన బంతిని పట్టుకుని చివరిదాకా పరిగెత్తి. మన గెలుపుల్లో క్వార్టర్‌బ్యాక్ పాత్ర ఏముంటుంది అసలు? మొన్న సిన్సినాటీ మీద గెలిచిన మ్యాచ్‌లో గెలిపించిన టచ్‌డౌన్ పాస్ వేసింది కూడా బ్రీస్ హాల్, బంతి పట్టుకుని పరిగెత్తాల్సిన రన్నింగ్‌బ్యాక్!

దానికి రెండు వారాల ముందు లండన్‌లో డెన్వర్ మీద పాస్‌ల ద్వారా వచ్చిన నికర లాభం మైనస్ 10 గజాలు. ఫీల్డ్స్‌ని పాస్ వెయ్యకముందే 9 సార్లు వెనక్కి నెట్టి పడగొట్టారు. మా రూమ్మేట్ చెస్ ఆడతాడు, వాడు అడిగాడు, మైనస్ వచ్చే బదులు ఊరికే నిలబడొచ్చు కదా అని. ఏం చెప్పాలి?

---

మెట్‌లైఫ్_మూలసీటు
మధ్యాహ్నం 1:05

ఓనర్‌గారు ఆ తర్వాత విలేకరులతో క్వార్టర్‌బ్యాక్ రేటింగ్ ఇలా ఉంటే గెలవడం కష్టమనే అర్థం వచ్చేలా మాట్లాడారు చూశారా? ఆ క్వార్టర్‌బ్యాక్‌కి 4 కోట్ల డాలర్లకి చెక్కు రాసింది పక్కింటివాళ్ళా? మా ఊళ్ళో కోడి పెట్టలేదని గంపని తిట్టేవాళ్ళు ఉండేవారు.

25 ఏళ్లుగా టీమ్ ఆయన కుటుంబానిదే. కోచ్‌లు మారారు, మేనేజర్లు మారారు, జెర్సీ రంగు కూడా మారింది. మారనిది ఒక్క

---

వేదిక_నిర్వాహకుడు
మధ్యాహ్నం 1:20

పై పోస్టులో చివరి మూడు వాక్యాలు తీసేశాను. ఆట మీద కోపం సరే, మనుషుల ఒంటి మీదకి, ఇంటి మీదకి వెళ్ళకండి. నేను న్యూయార్క్ ఇంకో టీమ్ జెయింట్స్ అభిమానిని. అదే స్టేడియం, అదే బాధ. మేము వద్దని వదిలేసిన క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్ ఇప్పుడు కోల్ట్స్‌ని 7-2లో నడిపిస్తున్నాడు. నేను ఎవరికి చెప్పుకోను?

---

లెక్కల_మాస్టారు
మధ్యాహ్నం 2:02

నిర్వాహకులు కూడా మనిషే అని ఈ రోజు తెలిసింది.

సరే, నా వాదన ఒక్క ముక్కలో చెప్తాను. మూలసీటుగారు చెప్పేది, గోడ కట్టకుండా మనిషిని నిలబెట్టారని. ఈ కొత్త మేనేజర్ తన మొదటి డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ దేనికి వాడాడు? ఏడో వంతులో మెంబూ, లైన్ మనిషి. నిరుడు కూడా ఫషానూ, లైన్ మనిషి. గోడ లేస్తోంది సార్. 2020లో ఇలాగే అనుకుని బెక్టన్‌ని తెచ్చుకున్నాం, రెండు వంతుల తర్వాత విర్ఫ్స్ ఉన్నా కూడా. అది నాకు తెలుసు, గుర్తు చెయ్యకండి. బెక్టన్ కూడా వెళ్ళిపోయాక ఫిలడెల్ఫియాలో కప్పు కొట్టాడు. అది కూడా తెలుసు.

అయినా ఈసారి వరస సరిగ్గా ఉంది. ముందు గోడ, తర్వాత పిక్‌లు, ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్. ఏప్రిల్‌లో ఇండియానా కాలేజీ కుర్రాడు మెండోజా వస్తే రానివ్వండి, లేకపోతే ఇంకో ఏడాది ఆగండి.

---

మెట్‌లైఫ్_మూలసీటు
మధ్యాహ్నం 2:30

ఆగుతారా వీళ్ళు? అదే కదా నా ప్రశ్న. చేతిలో ఐదు ఫస్ట్ రౌండ్‌లు పెట్టుకుని, 3-14 చేసి, గ్యాలరీలో జనం అరుస్తుంటే, ఏప్రిల్‌లో ఆగగలిగే దమ్ము ఎవరికుంది? ఎవరో ఒక పిల్లాణ్ణి తెచ్చి సెప్టెంబర్ మొదటి ఆదివారమే దింపేస్తారు. ఆ పిల్లాడు మన దగ్గర రెండేళ్లు దెబ్బలు తిని, ముప్పై ఏళ్లకి ఇంకెక్కడో బాగుపడతాడు. బాగుపడినప్పుడు నేను చప్పట్లు కొడతాను. డార్నల్డ్‌కి కొడుతూనే ఉన్నాను.

---

పాలమూరు_పోరడు
ఆదివారం, నవంబర్ 9, సాయంత్రం 4:35

అన్నా! గెలిచిన్రు గదా! 27-20, బ్రౌన్స్ మీద. ఏడున్నవ్?

---

జెర్సీసిటీ_జూనియర్
సాయంత్రం 4:41

ఫీల్డ్స్ మొత్తం పాసింగ్ 54 గజాలు. అందులో 42 ఒక్క పాస్‌కే, అది కూడా బ్రీస్ హాల్ పొట్టి పాస్ పట్టుకుని పరిగెత్తాడు. మొదటి క్వార్టర్‌లో కిక్‌ఆఫ్ రిటర్న్ టచ్‌డౌన్, ఆ వెంటనే పంట్ రిటర్న్ టచ్‌డౌన్. మళ్ళీ పంట్ రిటర్నే. నేను చెప్పానా లేదా?

---

లెక్కల_మాస్టారు
సాయంత్రం 4:58

2-7. వరసలో కిందకి జారాం. నాకు సంతోషించాలో లేదో తెలియట్లేదు. 2020లో రామ్స్ మీద గెలిచిన రోజు కూడా ఇలాగే ఉంది.

---

మెట్‌లైఫ్_మూలసీటు
సాయంత్రం 5:20

తెలుగు బడి నుంచి పిల్లాణ్ణి తీసుకొస్తూ రెండో సగం కారు రేడియోలో విన్నాం. ఇంటికొచ్చి ఆ రెండు రిటర్న్‌లూ ఫోన్‌లో ఐదారుసార్లు చూశాడు. మంగళవారం నుంచి గార్డ్‌నర్ జెర్సీ మంచం కింద ఉంది, ఇప్పుడు తీసి వేసుకున్నాడు. ఒకటో నంబరేగా డాడీ, మనం ఫస్ట్ అని అనుకోవచ్చు అన్నాడు. ఇప్పుడు పంట్ రిటర్న్ చేసిన ఐజయా విలియమ్స్ జెర్సీ కావాలట. కొనమంటారా?

---

బఫెలో_వదిన
సాయంత్రం 5:26

ఇంట్లో టేపు ఉందా?